పాఠకుల ప్రశ్నలు: కృష్ణా కెనాల్ దగ్గర ఎందుకాగుతుంది?

ప్రశ్న: గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైలులో ఉద్యోగానికి వెళతాను. మంగళగిరి దాకా చక్కగా నడిచిన బండి కృష్ణా కెనాల్ స్టేషనులో తరచూ నిలిచిపోతుంది. కారణమేమిటి? హైదరాబాదులో నడిచే లోకల్ రైళ్ల వ్యవస్థ ఎం.ఎం.టి.ఎస్. వంటిది ఇక్కడికి వస్తే ఈ బాధ తీరుతుందా?
– ఒక పాఠకుడు, పెదకాకాని

జవాబు: గుంటూరు నుంచి నంబూరు, మంగళగిరి మీదుగా వచ్చే మార్గమూ, చెన్నై వైపు నుంచి తెనాలి, దుగ్గిరాల మీదుగా వచ్చే ప్రధాన మార్గమూ కృష్ణా కెనాల్ జంక్షన్‌లోనే కలిసి, కృష్ణానది వంతెనలు దాటి విజయవాడ చేరుకుంటాయి. హౌరా, ఢిల్లీ వెళ్లే ఎక్స్‌ప్రెస్సులూ గూడ్సు బండ్లూ ఆ ప్రధాన మార్గంలోనే వస్తాయి కనుక, వాటికి దారి ఇచ్చి, విజయవాడలో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాకే మీ బండికి సిగ్నల్ పడుతుంది. ఎదురుగా ఊరు కనిపిస్తున్నా కదలని బండిలో కూర్చోవడం కష్టమే, కాదనలేము.

ఇక ఎం.ఎం.టి.ఎస్. సంగతి. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు పంచుకొని 2003లో మొదలుపెట్టిన ఆ బండ్లు కూడా చాలావరకు ఉన్న పట్టాల మీదే నడుస్తాయి. మెమూ (విడిగా ఇంజను లేకుండా దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు రైలు) లాగే వాటికీ రెండు కొసలా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది కనుక, చివరి స్టేషనులో ఇంజను మార్చే పని లేకుండా వెంటనే వెనక్కి మళ్లవచ్చు. అయితే దానివల్ల మిగిలే సమయం విజయవాడలోనో గుంటూరులోనో మిగులుతుందే తప్ప, జంక్షనులో నిరీక్షణ తగ్గదు.