గ్రీకులు ఇథియోపియన్ల పక్కన ఎందుకు పడ్డారు: సమాధానం

మీరు గీసిన జన్యు చుట్టరికాల చెట్టులో గ్రీకులు ఇథియోపియన్ల పక్కన ఎందుకు పడ్డారని అడిగారు. మీ లెక్కలో తప్పు లేదండీ. హెచ్‌ఎల్‌ఏ అంటే రోగనిరోధక శక్తికి పనిచేసే జన్యువుల గుంపు. అందులో డీఆర్‌బీ1 అనే ఒకే ఒక్క జన్యువుతో గ్రీకులు, మొరాకో బెర్బర్లు, స్పానిష్‌వాళ్లు, ఇథియోపియన్లు అందరికీ చెట్టు గీయడమే చిక్కు. 2001లో వచ్చిన ఒక పేపరూ ఇదే దారిలో గ్రీకులను సహారా దిగువ ఆఫ్రికాకు కలిపింది. 2002లో జన్యుశాస్త్రవేత్తలు కవల్లీ-స్ఫోర్జా, పియాజా, రిష్ 'నేచర్' పత్రికలో దాన్ని గట్టిగా ఖండించారు: ఆ లెక్కన జపనీయులూ ఆఫ్రికన్ల పక్కకే వస్తారు!

హెచ్‌ఎల్‌ఏ రకాలను రోగాల ఒత్తిడి వేల తరాలు నిలబెడుతుంది. కాబట్టి ఒకే రకం ఇద్దరిలో ఉన్నంత మాత్రాన దగ్గరి చుట్టరికం కాదు.

ముందు టైపింగ్, అంటే ఎవరిలో ఏ రకం ఉందో గుర్తించిన తీరు, చూడండి. ఒకరికి డీఆర్‌బీ1*11 అని గుంపు పేరే ఉండి, ఇంకొకరికి అందులోని *11:01, *11:04 అని విడివిడి రకాలు ఉంటే దూరాలన్నీ పాడవుతాయి. అందరి టైపింగ్‌నూ ఒకే స్థాయికి తెండి. శాంపిల్ కూడా ముఖ్యం: ఒక్కొక్కరికి రెండు చొప్పున, 50 మంది అంటే ఈ జన్యువున్న క్రోమోజోములు 100 మాత్రమే. 1 శాతం ఉన్న రకం అందులో అసలు కనపడకపోయే అవకాశం దాదాపు 37 శాతం.

తర్వాత ఎ, బి, డీఆర్‌బీ1 అనే మూడు హెచ్‌ఎల్‌ఏ జన్యువులు కలిపి హాప్లోటైపులు, అంటే ఒకే క్రోమోజోముపై కలిసి వచ్చే రకాల గొలుసులు, కట్టండి. ఎ30-బి18-డీఆర్3 (డీఆర్3 డీఆర్‌బీ1లో ఒక రకం) ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో బాగా ఎక్కువ, స్పెయిన్‌లోనూ ఉంది. ఇలాంటి గొలుసు విడి రకం కంటే చాలా ఎక్కువ చెబుతుంది.

వంశమూలమే కావాలంటే మాత్రం జీనోమ్ మొత్తం ఎస్‌ఎన్‌పీలతో (డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలు) పీసీఏ (తేడాలను కొన్ని ప్రధాన అక్షాలుగా కుదించే గణాంక పద్ధతి) చేయండి. అందులో హెచ్‌ఎల్‌ఏ జన్యువులుండే చోటు, అంటే 6వ క్రోమోజోములో 25 నుంచి 35 మెగాబేస్‌ల (మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) భాగం తీసేయాలి. లేదంటే ఆ ముక్క ఒక్కటే ఒక అక్షాన్ని లాగేసుకుంటుంది.