తమ్మీ, ఎర్రర్ చెప్తే మనిషికి సమజ్ కావాలె

తమ్మీ,

నువ్వు తయారు జేసి పంపిన వెబ్‌సైట్ ఫారం మిర్యాలగూడల మా గల్లీ నెట్ సెంటర్ పిలగానితోటి నింపిపిచ్చి చూసిన. డిజైన్ మంచిగనే ఉంది గని ఎర్రర్లు చెప్పే తీరే నచ్చలే. సబ్మిట్ కొట్టంగనే పైన "వివరాలు సరిగా లేవు" అని ఒక్క ముక్క వస్తది, ఫారమేమో అంత పొడుగుంది, ఏ డబ్బాల తప్పుందో ఎవలు దేవులాడాలె?

బ్యాంకు బ్రాంచిని గుర్తువట్టే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌నే తీస్కో. అండ్ల 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడైనా సున్నానే, మనోళ్లేమో ఆడ ఇంగ్లీష్ ఓ కొడతరు, చూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయి గదా. "కోడ్ తప్పు" అంటే పాస్‌బుక్ మళ్ల చూస్కొని మళ్ల అదే కొడతరు. "ఐదో అక్షరం సున్నా ఉండాలి, మీరు ఓ కొట్టారు" అని ఆ డబ్బా కిందనే రాయి. అసలైతే ఆ ఓ ని నువ్వే సున్నా చెయ్యొచ్చు, ఫోన్ నంబర్ల స్పేస్‌లు గూడ నువ్వే తీసెయ్యొచ్చు, గంత దానికి ఎర్రర్ ఎందుకు చెప్పు.

ఇగ అసలు ముచ్చట. యూజర్ కొట్టిన మాటను మెసేజ్‌ల బోల్డ్ చేసి చూపిస్తున్నవ్, బాగుంది, కాని దాన్ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌ల తీస్కపోయి పడేస్తున్నవ్, అండ్ల ఏది పెట్టినా బ్రౌజర్ ఉత్త మాట లెక్క గాదు, పేజీ కోడ్ లెక్క చదువుతది. గట్ల పెడితే స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు గదన్నా అంటవేమో, ఇమేజ్ ట్యాగ్‌ల ఆన్‌ఎర్రర్ (బొమ్మ రాకుంటే నడిచేది) పెట్టి ఎవలైనా దొంగ కోడ్ రాస్తే మాత్రం మంచిగ నడుస్తది. బోల్డ్ చేసే స్ట్రాంగ్ ట్యాగ్ నువ్వే తయారు జేసి లోపటి మాటను టెక్స్ట్‌కంటెంట్‌తోటి పెట్టు, అప్పుడు అది ఉత్త మాట లెక్కనే ఉంటది.

ఎర్ర రంగు ఒక్కటే నమ్ముకోకు, ఎండల ఫోన్ చూసేటోళ్లకు, రంగులు తేడా తెల్వనోళ్లకు మాట గూడ కావాలె. కండ్లు కనవడనోళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కోసం తప్పున్న డబ్బాకు ఏరియా-ఇన్వాలిడ్ (ఈడ తప్పుందని చెప్పే గుర్తు) పెట్టు, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైల (ఈ డబ్బాకు ఏ మెసేజో చెప్పేది) మెసేజ్ ఐడీ ఇయ్యి, సబ్మిట్ కొట్టినంక ఫోకస్ (కర్సర్) మొదటి తప్పు మీదికి పంపు. టైప్ చేస్తుండంగనే ఎర్రర్ చూపియ్యకు, పాపం పది అంకెల్ల మూడు కొట్టిండో లేదో తప్పు తప్పు అంటే ఎట్ల, డబ్బా దాటినంక చెప్పు.

బ్రౌజర్ల చెక్ చేసినవని సర్వర్ల చెక్ చేసుడు వదిలెయ్యకు, బ్రౌజర్‌ను పక్కన పెట్టి ఎవలైనా డైరెక్టుగ సర్వర్‌కు పంపొచ్చు. సర్వర్ తప్పంటే నింపినయన్నీ అట్లనే ఉంచి తిరిగి చూపియ్యి. ఫైల్ ఒక్కటి మాత్రం బ్రౌజర్ తిరిగి పెట్టనియ్యదు, అందుకే అప్‌లోడ్ అయినదాన్ని సర్వర్లనే దాచి "ఫోటో వచ్చింది" అని చూపియ్యి, లేకుంటే ప్రతిసారి మళ్ల ఎక్కియ్యాలె.

ఆఫీస్‌ల టైం లేదంటే ముందుగాల ఆ ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ సంగతి చూడు, మిగిలినయి వచ్చేవారం చేసినా నడుస్తది.

మీ అన్న