బండి మీద వద్దు తమ్మీ, అమ్మ ఒడి బండికి చెప్పుకోండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మా ఆవిడకు వచ్చే నెల డెలివరీ, హన్మకొండ సర్కారు ప్రసూతి దవాఖానల చూపిస్తున్నం. మాకు కారు లేదు, బైక్ ఒక్కటే. మెల్లగ పోతే బైక్ మీదనే తీసుకరావచ్చని మా అత్తమ్మ అంటది, బామ్మర్దేమో ఆటో అంటడు. ఆన్‌లైన్ల పసిపిల్లల కారు సీటు చూసిన, వేలల్ల ఉంది. కొనాల్నా?

జవాబు: బైక్ మాట మర్చిపోండి తమ్మీ. మీరెంత మెల్లగ నడిపినా ఎదురుంగ వచ్చే లారీ మెల్లగ రాదు కదా, పైగా కుట్లున్న బాలింత వెనక కూసొని ఒక చేత్తో పిల్లను ఒక చేత్తో మిమ్మల్ని పట్టుకోవాలె, అది అయ్యే పనేనా.

సర్కారు దవాఖానల కాన్పయితే తల్లీబిడ్డను ఇంటి దాక దించనీకె 102 బండి ఉంటది, మనోళ్లు అమ్మ ఒడి బండి అంటరు, పైసా కట్టేది లేదు. డిస్చార్జ్ రేపనంగనే వార్డు సిస్టర్‌కు, మీ ఊరి ఆశా అక్కకు చెప్పిపెట్టుకోండి. అదే బండిల ఇంకో బాలింతను కూడా ఎక్కించొచ్చు, కొంచెం లేటయితది, కానీ తొందరపడి ఆటో ఎక్కకండి.

బండి దొరకకుంటే కిరాయి కారు మాట్లాడుకోండి. కారు సీటు ఉంటే అదే అన్నిటికన్న సేఫ్, దాన్ని వెనక సీట్ల బిడ్డ మొహం కారు వెనక వైపుకు ఉండేటట్టు పెట్టి బెల్టుతోని గట్టిగ బిగించాలె, ముందు సీట్లయితే అసలే పెట్టొద్దు. ఒక్కసారి ప్రయాణానికి అంత ఖర్చు మీ ఇష్టం, చుట్టాలల్ల ఎవరిదన్న మంచిగ ఉంటే అడిగి తెచ్చుకోండి. సీటు లేదంటే తల్లి వెనక కూసొని బెల్టు తను ఒక్కతే పెట్టుకోవాలె, బిడ్డ బెల్టుకు బయటనే ఉండాలె. ఇద్దరికీ కలిపి ఒకటే బెల్టు పెడితే గట్టిగ బ్రేక్ పడ్డప్పుడు తల్లి బరువంత బిడ్డ మీదనే పడతది. అట్లని ఒడిల పట్టుకుంటే పూర్తి సేఫ్ అని కాదు, స్పీడు మీద గుద్దితే ఎంత బలమున్న చేతులైనా ఆపలేవు, అందుకే డ్రైవర్‌కు నిమ్మళంగ పోనియ్యమని ముందే చెప్పండి.

ఇగ ఏ దారీ లేక ఆటోనే అయితే తల్లిని నడిమిట్ల కూసోబెట్టి రెండు దిక్కుల పెద్దోళ్లు కూసోండి, గాలి రాకుండ పరదాలు దించుకోండి. పుట్టిన పిల్లలకు ఒళ్లు చల్లబడుడే పెద్ద గండం (36.5 డిగ్రీల కన్న తగ్గొద్దు), టోపీ, సాక్సులు ఏసి బట్టల చుట్టండి కానీ మూతి మీద కొంగు కప్పకండి, మనోళ్లు దిష్టి అని అదే చేస్తరు! ముక్కు, నోరు కనపడాలె, గదవ ఛాతికి ఆనొద్దు.

బయల్దేరేముందు పాలు పట్టించండి, చీకటి పడకముందే ఇల్లు చేరేటట్టు చూసుకోండి. దారిల బిడ్డ ఒళ్లు చల్లగయినా, ఊపిరి ఎగపోసినా, పాలు తాగకుండ మబ్బుగ ఉన్నా ఇంటికి పోయి చూద్దాంలే అనుకోకండి, దగ్గర్ల ఉన్న దవాఖానకే తిప్పండి లేదంటే 108కి ఫోన్ కొట్టండి.