సమాధానం: పొంగల్ సెలవుల్లో ఫైర్ సర్వీసు ఉంటుందా?

అక్కా, పెరంబూరులో అమ్మ ఒంటరిగా ఉంటారు, కార్పొరేషన్ ఆఫీసు వరసగా సెలవు, ఫైర్ స్టేషన్ కూడా మూసేస్తారా అని కదా మీ బెంగ. మూయరు. అసలు చెన్నైలో ఫైర్ సర్వీసు కార్పొరేషన్‌ది కాదు, రాష్ట్ర ప్రభుత్వ శాఖ. పండగ రోజైనా, అర్ధరాత్రైనా 101కి గానీ 112కి గానీ కొట్టొచ్చు. అంబులెన్సుకి 108.

సెలవంటే బర్త్ సర్టిఫికెట్, పన్ను కౌంటర్ల లాంటివే ఆగుతాయి. చెత్త గొడవలకి కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913.

మీరన్న గ్యాస్ వాసన సంగతి మాత్రం అమ్మకి గట్టిగా చెప్పండి. సిలిండర్ వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చేయాలి. ఫ్యాను వేద్దామని స్విచ్ మాత్రం ముట్టుకోవద్దు! మా అత్తగారు సరిగ్గా అదే చేయబోయారు. బయటికొచ్చాకే ఫోను: లీకేజీకి 1906, మంటైతే 101.

అమ్మకి తమిళం రాదన్నారుగా. ‘గ్యాస్ లీక్ ఆగుదు’ (తమిళంలో ‘గ్యాస్ లీక్ అవుతోంది’ అని) అని, వీధి పేరు, దగ్గర్లోని గుడి పేరు ఓ కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. కంగారులో సొంత అడ్రసే నోటికి రాదు.