సలూటే చర్చి చిత్రాన్ని చూడటం గురించి

ఇటలీలోని వెనిస్ నగర చిత్రకారుడు కనాలెట్టో సుమారు 1730లో గీసిన, ఆ నగరపు ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ ముఖద్వారపు చిత్రం మీ కంటికి పాత ఫొటోలాగే కనిపిస్తోందనీ, అందులో ఆస్వాదించవలసినది ఏమిటో అంతుపట్టడం లేదనీ రాశారు. కుడివైపు నీటి అంచున మెట్లతో, గుమ్మటంతో నిలిచిన సలూటే చర్చి కథతో మొదలుపెట్టమని నా సలహా.

1630లో వెనిస్‌ను ప్లేగు కబళిస్తున్నప్పుడు, ఆ గండం గడిస్తే మేరీమాతకు ఆలయం కట్టిస్తామని నగర సెనేట్ మొక్కుకుంది. బల్దస్సారె లోంగెనా రూపకల్పనతో 1631లో మొదలైన ఆ మొక్కుబడి 1687లో ప్రతిష్ఠకు నోచుకుంది. ఇటాలియన్ భాషలో సలూటే అంటే ఆరోగ్యం, రక్షణ కూడా. నేటికీ ఏటా నవంబరు 21న నగరవాసులు కాలువపై తాత్కాలిక వంతెన వేసుకుని అక్కడికి నడిచి వెళ్తారు. ఇది తెలిశాక ఆ గుమ్మటం వట్టి కట్టడంగా కనిపించదు.

ఇక ఫొటో అన్న మాటకు వస్తే, కనాలెట్టో తన నగర చిత్రాల్లో ఒక్కచోట నిలబడితే కనబడని దృశ్యాలను కలిపేవాడు, భవనాల స్థానాలను కూర్పు కోసం కొంత జరిపేవాడు. కనుక మీరు చూస్తున్నది ఎంతో ఆలోచించి అమర్చిన నగరం. గుమ్మటం చుట్టూ ఉన్న చుట్టల వంటి రాతి ఆధారాలపై వెలుగునీడలు ఎలా మారుతున్నాయో నెమ్మదిగా గమనించండి. తర్వాత బాగా దగ్గరికి జరిగి నీటిని చూడండి: దూరం నుంచి అలలుగా తోచినవి చిన్న చిన్న వంపు గీతలేనని తెలుస్తుంది, నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఆ నీరే.