ప్యాలెస్‌లో ఒక రాత్రి: గది కంటే ముందు గంటలు చూసుకోండి

పాత రాజభవనాల్లో నడుస్తున్న పెద్ద హోటళ్ల గురించి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా హైదరాబాద్ ఫలక్‌నుమా మీదే. కొన్ని రాజస్థాన్ మీద. ఎంచిన వాటికి జవాబులు ఇవి.

ప్రశ్న: వచ్చే మాఘంలో మా అమ్మ, బాపుల పెళ్లయి నలభై ఏండ్లు నిండుతయి. అన్నదమ్ములం కలిసి వాళ్లను ఫలక్‌నుమాలో ఒక రాత్రి ఉంచాలనుకుంటున్నం. మామూలు గది సరిపోతదా, సూట్ తీసుకోవాల్నా? అక్కడ ఏమేం చూడాలె? (హనుమకొండ)

మామూలు గదే తీసుకోండి. ఎందుకో చెబుతాం.

ఇలాంటి హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చి, మర్నాడు పన్నెండింటికి ఖాళీ చేయమంటారు. అంటే చేతిలో ఉండేది 22 గంటలు. నిద్ర, స్నానం, సామాను సర్దుకోవడం తీసేస్తే మిగిలేది పది, పదకొండు గంటలు. వాటిలో అసలైనవి మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఆ ఆరు గంటలూ ఎవరూ గదిలో కూర్చోరు, కూర్చోకూడదు కూడా.

పైగా మహల్ అమరిక అలాంటిది. నిజాం కొలువులో పెద్ద ప్రభువులైన పాయెగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో దీన్ని మొదలుపెట్టించారు. కట్టడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. చాలా ఏళ్లు మూతపడి ఉండి, సుదీర్ఘమైన మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో తాజ్ హోటల్‌గా తెరిచారు. దర్బారు హాలు, గ్రంథాలయం, ఒకేసారి 101 మంది కూర్చునే భోజనబల్ల, పాలరాతి మెట్లు అన్నీ ముందుండే ప్రధాన భవనంలోవే. బస చేసే 60 గదుల్లో ఎక్కువ భాగం వెనక, ముంగిలి చుట్టూ ఉన్న వరుసల్లో ఉంటాయి. అందరికంటే చిన్న గదిలో దిగినవాళ్లకూ ఆ హాళ్లూ ఆ డాబా ఒకటే. సూట్‌కి పెట్టే అదనపు డబ్బుకు ప్రధానంగా వచ్చేది విడిగా కూర్చునే గది. చూడడానికి వచ్చే చుట్టాలను అక్కడ కూర్చోబెడతామంటే పనికొస్తుంది. ఇద్దరే ఉంటే అది ఖాళీగా పడి ఉంటుంది.

ఇప్పుడు మాఘం సంగతి. మీరు ఎక్కువగా ఆలోచించాల్సింది గది గురించి కాదు, దీని గురించే. మాఘం, ఫాల్గుణం, శ్రావణం, కార్తీకం వస్తే ప్యాలెస్ హోటళ్లలో పెళ్లిళ్లు మొదలవుతాయి. పెద్ద పెళ్లి ఉన్న రోజు తోట, డాబా, ఒక్కోసారి హాళ్లు కూడా వాళ్లకే ఇచ్చేస్తారు. మీరు గదికి పూర్తి డబ్బు కట్టీ పక్కదారిన తిరగాల్సి వస్తుంది. ప్రముఖులు వచ్చినా ఇంతే. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది ఈ 101 కుర్చీల బల్ల దగ్గరే. అందుకని డబ్బు కట్టే ముందే ఈమెయిల్‌లో సూటిగా అడగండి: ‘ఆ తేదీన పెళ్లిగానీ ప్రైవేటు విందుగానీ ఉందా? ఉంటే ఏయే చోట్లు మూస్తారు?’ జవాబు రాతలో ఉండాలి. ఫోన్లో చెప్పిన మాట ఆ రోజు రిసెప్షన్‌లో నిలవదు. పెళ్లిరోజు శుక్ర, శనివారాల్లో పడితే ముందో వెనకో సోమ–బుధవారాలకు జరుపుకోండి. రద్దీ తగ్గుతుంది, రేటూ చాలావరకు దిగుతుంది. తిథి పట్టింపు లేకపోతే మూఢం రోజులు చూడండి. పంతులుగారు వద్దన్న రోజులే హోటల్ బసకు మంచి రోజులు.

గది అడిగేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పాత కట్టడంలో ఒకే పేరున్న రెండు గదులు కూడా ఒకేలా ఉండవు. కిటికీ లోపలి ముంగిలి వైపా, నగరం వైపా, ఒకటే పెద్ద మంచమా, రెండు విడి మంచాలా, స్నానానికి తొట్టె మాత్రమే ఉందా, నిలబడి స్నానం చేసే చోటు విడిగా ఉందా అని అడిగి తెలుసుకోండి. పైకప్పులు ఎత్తుగా ఉన్న గదులు ఏసీతో త్వరగా చల్లబడవు. వేసవిలో వెళ్లేవాళ్లు చేరడానికి గంట ముందే వేసి ఉంచమని చెప్పాలి.

ప్రయాణం హనుమకొండ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. ఉప్పల్, ఎల్‌బీ నగర్ మీదుగా పోతే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, తుక్కుగూడలో దిగి, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా రండి. దూరం పెరిగినా సమయం చేతిలో ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు బయల్దేరి, దారిలో తేలిగ్గా తిని, రెండింటికి గేటు దగ్గరుంటే చాలు. గేటు నుంచి మహల్ దాకా గుర్రపు బగ్గీలో తీసుకెళ్తారు. బస చేసేవాళ్లకు మహల్ చరిత్ర చెబుతూ తిప్పి చూపించే నడక ఉంటుంది. దాని సమయం బుకింగ్ నాడే అడిగి పేర్లు రాయించండి. రోజులో మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోవాలి. మాఘంలో సూర్యాస్తమయం ఆరు దాటాక అవుతుంది కాబట్టి, అయిదున్నరకల్లా డాబా మీద ఉండండి. చార్మినార్ వైపు పాతబస్తీ అంతా కింద కనిపిస్తుంది.

హై టీ, రాత్రి పెద్ద భోజనం రెండూ ఒకే రోజు పెట్టకండి. చాలామంది చేసే పొరపాటిది. హై టీ అంటే చాయ్, రెండు బిస్కట్లు కాదు. శాండ్‌విచ్‌లు, కేకులు, కారపు తినుబండారాలు అంతస్తులంతస్తుల పళ్లెంలో వస్తాయి. అయిదింటికి అది తిన్న పెద్దవాళ్లు ఎనిమిదింటికి బిర్యానీ ముట్టరు. రాత్రి ఉంటున్నారు కాబట్టి మామూలు చాయ్ తాగించి, అక్కడి ‘అదా’ రెస్టారెంట్‌లో హైదరాబాదీ భోజనానికి బల్ల చెప్పుకోండి.

ప్రశ్న: రాత్రి ఉండే స్థోమత మాకు లేదు. ఊరికే పోయి చూసి రావచ్చా? (కరీంనగర్)

టికెట్ కొని తిరగడానికి అది మ్యూజియం కాదు. గేటు దగ్గర బుకింగ్ చూపనిదే పైకి పంపరు. హై టీకో, భోజనానికో ముందుగా బల్ల బుక్ చేసుకుంటే వెళ్లొచ్చు. మీకైతే హై టీనే మేలు. పగటి వెలుతురులో భవనం కనిపిస్తుంది, సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఉండొచ్చు. రాత్రి భోజనానికి వెళ్తే చీకట్లో చేరి చీకట్లో దిగుతారు.

బల్ల చెప్పేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి: పన్నులతో కలిపి మనిషికి ఎంత, బగ్గీ ఉందా, లోపలి హాళ్లు చూపిస్తారా. బయటి నుంచి వచ్చినవాళ్లకు హాళ్లు చూపించడమనేది ఆనాటి రద్దీని బట్టి మారుతుంది. షార్టులు, రబ్బరు చెప్పులు వద్దు. కరీంనగర్ నుంచి వస్తున్నారు కాబట్టి చెప్పిన సమయానికి ముప్పావుగంట ముందు గేటు చేరేలా చూసుకోండి. ఆలస్యమైతే బల్ల పోకపోవచ్చు కానీ, వెలుతురు పోతుంది.

ప్రశ్న: మా అవ్వకు మోకాళ్ల నొప్పులు. చక్కెర కూడా ఉంది. ఆమెను తీసుకపోతే ఇబ్బంది అయితదా? (జగిత్యాల)

తీసుకెళ్లండి. కాకపోతే ఈ భవనాలు కట్టిన కాలంలో లిఫ్టుల గురించి, చక్రాల కుర్చీల గురించి ఆలోచించినవాళ్లు లేరు. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య రెండు మూడు మెట్లు తగలడం మామూలే. మెట్లు ఎక్కకుండా చేరే గది కావాలని, భోజనశాలకు దగ్గరగా ఉండాలని, వీల్‌చైర్ సిద్ధంగా ఉంచమని బుకింగ్‌లోనే రాయించండి. బగ్గీ మెట్టు ఎత్తుగా ఉంటుంది కనుక ఆమెను కారులోనే పైదాకా తీసుకెళ్లనివ్వమని ముందే చెప్పండి, ఒప్పుకుంటారు. తొట్టె స్నానం మోకాళ్ల నొప్పులవాళ్లకు ప్రమాదం. తడి పాలరాయి మీద జారితే తుంటి విరుగుతుంది. నిలబడి స్నానం చేసే చోటు, అందులో ఒక స్టూలు, జారని పట్టా అడగండి.

ఇలాంటిచోట రాత్రి భోజనం ఎనిమిదింటి తర్వాతే ఊపందుకుంటుంది, ఒక్కో వంటకం మెల్లగా వస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇదే చిక్కు. ఇంజెక్షన్ గదిలో వేసుకుని రావద్దు. ఆమెకు పెట్టేది బల్ల మీదికి ఎప్పుడొస్తుందో వడ్డించేవాళ్లను అడిగి, డాక్టరు చెప్పిన వ్యవధి చూసుకుని వేయించండి. ఏడున్నరకే రొట్టె, పప్పు గదికి తెప్పించి పెట్టేసినా తప్పు లేదు.

ప్రశ్న: దసరా సెలవుల్లో ఎనిమిది, పదకొండేండ్ల పిల్లలతో రాజస్థాన్ పోతున్నం. ఉదయ్‌పూర్, జోధ్‌పూర్, జైపూర్ మూడింటిలో ఒక్క ప్యాలెస్‌లోనే ఉండగలం. ఏది మంచిది? (మంచిర్యాల)

పిల్లలున్నారు కాబట్టి జైపూర్ రామ్‌బాగ్. 47 ఎకరాల తోటలు, నెమళ్లు, పరుగెత్తడానికి పచ్చిక. 1957లోనే హోటల్‌గా మారింది కనుక ఇక్కడి ఏర్పాట్లు బాగా స్థిరపడ్డాయి.

ఉదయ్‌పూర్ లేక్ ప్యాలెస్ అందంలో దేనికీ తీసిపోదు. కానీ 18వ శతాబ్దంలో పిఛోలా సరస్సు మధ్య కట్టిన ఆ మహల్ ఉన్నది నాలుగెకరాల దీవిలో. బయటికి రావాలన్నా, లోపలికి పోవాలన్నా పడవే. పిల్లలకు రెండు గంటల్లో చూడాల్సింది అయిపోతుంది, తర్వాత ‘బయటికి పోదాం’ అంటారు. కొత్త దంపతులకైతే అదే చెప్పేవాళ్లం. మీరు ఒడ్డున మామూలు హోటల్‌లో దిగి, సరస్సులో పడవ షికారు చేసి, సిటీ ప్యాలెస్ మ్యూజియం చూడండి.

జోధ్‌పూర్ ఉమైద్ భవన్ 347 గదుల భవనం. కరువు కాలంలో జనానికి పని కల్పించడానికి మొదలుపెట్టిన ఆ కట్టడం 1943లో పూర్తయింది. ఇప్పుడు ఒక భాగంలో రాజకుటుంబం ఉంటుంది, ఒక భాగం హోటల్, ఇంకో భాగం మ్యూజియం. మ్యూజియానికి టికెట్ కొంటే చాలు, బస అక్కర్లేదు. ఇది తెలియక గది తీసుకున్నవాళ్లున్నారు.

ప్యాలెస్ రాత్రిని ప్రయాణం చివర పెట్టుకోండి. మొదటే పెడితే రైలు ఆలస్యమై సగం రోజు పోతుంది, తర్వాతి హోటళ్లన్నీ పిల్లలకు చప్పగా అనిపిస్తాయి. పదకొండేళ్ల బిడ్డకు అదనపు మంచం డబ్బు పడుతుందా, నలుగురినీ ఒకే గదిలో ఉండనిస్తారా అన్నది ముందే తేల్చుకోండి. చాలా ప్యాలెస్ గదుల్లో ముగ్గురికే అనుమతి. అక్టోబరులో అక్కడ సీజన్ మొదలవుతుంది కాబట్టి వేసవిలో చూసిన రేటు అప్పుడు దొరకదు.

ప్రశ్న: వెబ్‌సైట్లో చూపిన రేటుకు, చివరికి కట్టే బిల్లుకు అంత తేడా ఎందుకు వస్తది? (కాజీపేట)

మొదటి కారణం పన్ను. రోజుకు రూ.7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ. గది రూ.40,000 అనుకుంటే పన్నే రూ.7,200, కట్టేది రూ.47,200. అలాంటి హోటల్ రెస్టారెంట్లలో తిండికీ 18 శాతమే, మన వీధి హోటల్‌లో వేసే 5 శాతం కాదు.

రెండోది, రేటులో ఏముందో చూడకపోవడం. ‘గది మాత్రమే’ అన్న రేటులో ఉదయం టిఫిన్ ఉండదు. ఇద్దరు విడిగా తింటే, టిఫిన్ కలిపిన రేటే చవకని తేలుతుంది. భోజనం, టీ కలిపిన ప్యాకేజీలు వేరు. వాటిలో మీరు వాడుకోనివి ఉంటే కట్ చేసి ఇవ్వరు, కాబట్టి ఒక్కోటీ విడిగా కలిపి చూసుకున్నాకే తీసుకోండి. డబ్బు వాపసు రాని రేటు కాస్త తక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు దాని జోలికి పోవద్దు.

మూడోది సర్వీస్ చార్జి. దాన్ని మీ అనుమతి లేకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వేస్తే తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నచ్చినవాళ్లకు మీరే స్వయంగా ఇచ్చేది వేరే సంగతి.

గదిలో చేరేటప్పుడు కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ సొమ్ము తిరిగి రావడానికి రోజులు పట్టొచ్చు. క్రెడిట్ కార్డు ఉంటే అదే ఇవ్వండి.

ప్రశ్న: గది బుక్ చేసుకుని ప్రీ వెడ్డింగ్ షూట్ చేసుకోవచ్చా? (వరంగల్)

ఫోన్‌తో తీసుకునే ఫొటోలకు అభ్యంతరం ఉండదు. పెద్ద కెమెరా, లైట్లు, బట్టలు మార్చుకోవడం, నలుగురి బృందం అంటే అది షూటింగే. దానికి విడిగా అనుమతి, విడిగా రుసుము. గది ఉంది కదా అని తీసుకెళ్తే గేటు దగ్గరే కెమెరామన్‌ను ఆపేస్తారు, ఆయన రోజు కూలీ మీరే కట్టాలి. డ్రోన్ ఆలోచన పెట్టుకోవద్దు.

ప్రశ్న: మన దిక్కు ఇట్లాంటిదేమన్నా ఉందా? (ములుగు)

కోటలో, గడీలో రాజభోగంగా బస చేసే ప్యాలెస్ హోటల్ మన వైపు లేదు. కాకతీయుల చరిత్ర దగ్గర ఒక రాత్రి గడపాలనుకుంటే లక్నవరంలో పర్యాటక శాఖ హరిత కాటేజీ తీసుకోండి. చెరువులోని దీవికి వేలాడే వంతెన మీదుగా పోవాలి, కాబట్టి చేతిలో పట్టేంత సామానే తెచ్చుకోండి. ఆదివారాలు పగటి సందర్శకులతో కిటకిటలాడుతుంది, మంగళ, బుధవారాలు ప్రశాంతం. మర్నాడు పొద్దున్నే రామప్ప చేరితే ఎండ ముదరకముందే 1213 నాటి ఆ శిల్పాలను తీరిగ్గా చూడొచ్చు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో జనం పెరిగారు, అందుకే ఎనిమిదింటిలోపు వెళ్లడం మంచిది.