ఆలేరు ఎన్‌కౌంటర్ రోజు నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను

అడిగిన ప్రశ్న: "ఉగ్రవాద కేసుల్లో నిందితుల్ని పోలీసులు ఎన్‌కౌంటర్ చేస్తే సగం మంది చప్పట్లు కొడతారు, సగం మంది తిడతారు. ఎందుకిలా? మీరు ఎటువైపు?"

2015 ఏప్రిల్ 7 మధ్యాహ్నం దాకా నేను చప్పట్లు కొట్టే వైపు. ఆ సాయంత్రం మా చిన్నాయన ఇంట్లో టీ తాగాక ఎటువైపో నాకే తెలియకుండా పోయింది. ఇది నా సొంత గోడు, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉంటే చదవండి.

అప్పుడు నేను మెడికల్ రెప్‌ని. జనగామలో ఉంటూ ఆలేరు, గుట్ట, భువనగిరి డాక్టర్ల చుట్టూ బ్యాగు పట్టుకుని తిరిగేవాణ్ణి. ఆ మంగళవారం భువనగిరికని బస్సెక్కాను. పెంబర్తి దాటి కాస్త దూరం పోయాక, ఆలేరు ఇంకా రాకముందే, ముందు లారీలు ఆగిపోయాయి, వాటి వెనక మా బస్సూ ఆగింది. ఏదో యాక్సిడెంట్ అనుకున్నాం. ఏప్రిల్ ఎండ, బస్సులో రేకు కాలిపోతోంది, కిందికి దిగితే నీడ లేదు. ఇంతలో కండక్టర్‌కి ఫోనొచ్చింది. మాట్లాడి, పెట్టేసి, "ముందల ఎన్‌కౌంటర్ అయిందంట, వరంగల్ జైలు నుంచి తీస్కపోతున్నోళ్లను, ఐదుగురు" అన్నాడు.

ఇంక చూడండి బస్సు. అప్పటిదాకా నీళ్ల బాటిల్ కోసం గొణుక్కుంటున్న మనుషులు ఒక్కసారి లేచి కూర్చున్నారు. నా ముందు సీట్లో ధోవతి కట్టుకున్న పెద్దాయన "శెభాష్" అని తొడ చరిచాడు. వెనక ఇద్దరు డిగ్రీ పిల్లలు ఫోన్లలో వెతకడం మొదలుపెట్టారు. నేనూ "మంచి పని అయింది" అన్నాను, దాచుకోను. ఎందుకంటే దానికి ముందు వారమంతా మా నల్గొండ, వరంగల్ వైపు ఒకటే టెన్షన్. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట హైటెక్ బస్టాండ్‌లో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగి కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. మొదట యూపీ దొంగల ముఠా అన్నారు. 4న మోత్కూరు దగ్గర జానకీపురంలో ఆ కాల్పులు జరిపిన ఇద్దరూ మళ్లీ పోలీసులకు ఎదురుపడ్డారు, రెండు వైపులా కాల్పులు, కాల్పులు జరిపిన ఆ ఇద్దరూ పోయారు, కానిస్టేబుల్ నాగరాజు పోయాడు, ఆత్మకూరు ఎస్సై సిద్ధయ్య తూటాలతో ఆస్పత్రిలో పడ్డాడు. తర్వాత తేలిందేమిటంటే ఆ కాల్పులు జరిపినవాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి పారిపోయిన సిమి అనే నిషేధిత సంస్థ మనుషులు. ఇంత జరిగాక ఐదుగురు టెర్రరిస్టులు పోయారంటే బస్సులో ఎవరు బాధపడతారు?

బాధపడ్డవాళ్లు ఉన్నారో లేదో తెలియదు గానీ, మాట్లాడనివాళ్లు ఒకరున్నారు. నాకు పక్క వరసలో బురఖా వేసుకున్న ఒకామె, ఒళ్లో నాలుగేళ్ల పిల్లవాడు. పిల్లవాడికి కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, మందుల రెప్‌ని కదా, కామెర్లని చూడగానే తెలిసిపోయింది. పెద్దాయన "వీళ్లందర్నీ..." అని మొదలుపెట్టి, ఆమెను చూసి, మధ్యలో మింగేశాడు. బస్సంతా ఒక నిమిషం దగ్గులూ సర్దుకోవడాలూ. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుని, కాసేపటికి నన్ను అడిగింది, "అన్నా, బస్సు ఎప్పుడు కదుల్తది?" అని. తెలియదమ్మా అన్నాను. నా దగ్గర ఉన్న శాంపిల్ గ్లూకోజ్ పొట్లం ఒకటి ఇచ్చాను. ఆ తర్వాత బస్సులో ఎవరూ ఎన్‌కౌంటర్ ఊసెత్తలేదు, దిగేదాకా.

ఇక చిన్నాయన సంగతి. మా నాన్న తమ్ముడు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా 2012లో రిటైరయ్యాడు. సర్వీసులో సగం ఎస్కార్ట్ డ్యూటీయే. జైలు నుంచి కోర్టు, కోర్టు నుంచి జైలు. పొద్దున నాలుగింటికి పోయి రాత్రి పదింటికి వచ్చేవాడు, ఆ డొక్కు వ్యానుకు సగం రోజులు సెల్ఫ్ పనిచేయదు, దిగి తోయడమే. కోర్టులో ఏమైంది అంటే వాయిదా. ఎప్పుడూ వాయిదాయే. బత్తా డబ్బులు ఆర్నెల్లకోసారి. ఇవన్నీ మాకు చిన్నప్పటి నుంచి కంఠస్థం.

ఆ సాయంత్రం పోయేసరికి టీవీలో మూడు వార్తలు ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసంటూ ఇరవై మంది తమిళనాడు కూలీలు కాల్పుల్లో మృతి. పొద్దున ఆలేరు. దాని వెంటే, సిద్ధయ్య ఆస్పత్రిలో కన్నుమూశాడని. ఒకే మంగళవారం. నేను ఉత్సాహంగా ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూపించాను. వ్యాన్ సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, చేతికి బేడీ అట్లాగే ఉంది, ఒకడి దగ్గర తుపాకి ఉంది. మీరూ చూసే ఉంటారు.

చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో పెద్దది చేసి చూశాడు, ముఖాలు కాదు, చేతులు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేసి "బిడ్డా, బేడీ పట్టుకునేటోని దగ్గర తుపాకి ఉండదు, తుపాకి ఉన్నోడు ఖైదీ పక్కన కూసోడు. ఇది మాకు మొదటి రోజే నేర్పుతరు" అన్నాడు.

పోలీసులు చెప్పింది మీకు గుర్తుంటే, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఆ ఐదుగురు ఉగ్రవాద కేసుల నిందితుల్లో ముఖ్యుడైన వికారుద్దీన్ మూత్రానికని వ్యాన్ ఆపించి, తిరిగి ఎక్కేటప్పుడు ఆయుధం లాక్కోబోయాడని, మిగతావాళ్లూ తిరగబడ్డారని, ఆత్మరక్షణ కోసం కాల్చామని. వ్యాన్‌లో ఐదుగురు ఖైదీలు, ఎస్కార్ట్ పదిహేడు మంది. చిన్నాయన లెక్క అక్కడే ఆగింది. "పదిహేడు మంది ఉండి బేడీలున్నోళ్లను ఆపలేక చంపినం అంటే అది మాకు ఇజ్జత్ ఉన్న మాటేనా? నిజమైతే సిగ్గు. అబద్ధమైతే ఇంకేం చెప్పాలె."

అప్పుడు వంటింట్లోంచి చిన్నమ్మ అందుకుంది. "చచ్చిండ్రు గదా, నీకెందుకు బాధ? కానిస్టేబుళ్లను చంపిన కేసే గదా వానిది. రేపు నువ్వుంటే నిన్ను చంపకపోవునా?" అని. వికారుద్దీన్ మీద ఉన్న కేసుల్లో హైదరాబాద్ పాతబస్తీలో 2010లో ఒక కానిస్టేబుల్‌ను కాల్చి చంపిన కేసు ఉంది మరి. చిన్నాయన దానికేం జవాబు చెప్పలేదు. టీవీలో సిద్ధయ్య ఫోటో వచ్చింది. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "వీనికి ఎవడు జవాబు చెప్తడు" అన్నాడు. జనం రెండుగా చీలిపోతారు అంటున్నారే, మా చిన్నాయన ఆ పూట ఒక్కడే రెండు ముక్కలయ్యాడు.

ఇంతకీ నా అభిప్రాయం. తెలుగు పేపర్లు ఎప్పటినుంచో వాడే మాట ఎదురుకాల్పులు. ఎదురుకాల్పులు అంటే ఎదుటివాడు కూడా కాల్చాలి. జానకీపురంలో జరిగింది అది. అక్కడ పోలీసులు కాల్చడం తప్పని నాకు తెలిసి ఒక్క మనిషి అనలేదు, హక్కుల సంఘాల వాళ్లతో సహా. ఆలేరులో ఎదురు ఎక్కడుంది? రెండింటికీ ఒకే పేరు పెట్టేసి, రెండోదాన్ని ప్రశ్నించగానే "అయితే సిద్ధయ్య చావాలా?" అని మీదపడతారు. గొడవంతా ఇక్కడే. సిద్ధయ్య పేరు అడ్డం పెట్టుకుని ఆలేరును సమర్థించేవాళ్లు సిద్ధయ్య గురించి అడగాల్సింది అడగరు. సూర్యాపేట బస్టాండ్‌లో అర్ధరాత్రి తనిఖీకి పోయినవాళ్లను సరైన సన్నాహం లేకుండా ఎందుకు పంపారు? ఖండ్వా నుంచి పారిపోయినవాళ్లు ఏడాదిన్నర పాటు ఇన్ని రాష్ట్రాలు ఎట్లా తిరిగారు? మూడు రోజులు దొంగల ముఠా అని ఎందుకనుకున్నాం? ఇవి పెద్దాఫీసర్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ఐదు శవాలు పడగానే ఆ ప్రశ్నలు గాలికి పోయాయి. చిన్నస్థాయి పోలీసు ఇటూ చస్తాడు, అటూ అబద్ధం మోస్తాడు. ఈ మాట అంటే నన్ను టెర్రరిస్టుల తరఫు అంటారు, అననీయండి.

"కోర్టులతో పనవుతుందా?" అని కింద కామెంట్లో ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ చూడండి. 2013 ఫిబ్రవరి 21న పేలుళ్లు, 2016 డిసెంబర్‌లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కోర్టు ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్‌తో సహా ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్నే ఖాయం చేసింది. గోకుల్ చాట్, లుంబినీ పార్క్ పేలుళ్ల కేసులో కూడా 2018లో ఇద్దరికి ఉరి. ఆలస్యం, ఒప్పుకుంటా, మనిషి ముసలివాడైపోయేంత ఆలస్యం. కానీ ఎవరు, ఎట్లా, ఎక్కడి నుంచి అన్నది కాగితం మీద ఉంది.

అదే మక్కా మసీదు. 2007 మే 18న పేలుడు. వెంటనే పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకున్నారు. తర్వాత వాళ్లకు సంబంధం లేదని తేలింది, ప్రభుత్వం నష్టపరిహారం కూడా ఇచ్చింది. ఆ తర్వాత కేసు ఇంకో వైపు తిరిగింది, హిందూ సంస్థలకు చెందిన స్వామి అసీమానంద్ తదితరుల మీద విచారణ జరిగింది, 2018లో వాళ్లనూ కోర్టు వదిలేసింది. ఇప్పుడు ఆ బాంబు పెట్టిందెవరంటే ఎవరూ కాదు. మరి 2007లో పట్టుకున్న ఆ కుర్రాళ్లలో నలుగుర్ని ఏ రింగురోడ్డు పక్కనో "ఆయుధం లాక్కోబోయారు" అని కాల్చేసి ఉంటే? మా బస్సులో పెద్దాయన తొడ చరిచేవాడు, నేను మంచి పని అనేవాణ్ణి, మక్కా మసీదు దోషులు పోయారని ఈరోజుకీ నమ్మేవాళ్లం. నా మటుకు నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రూల్స్ లేకనా ఇదంతా? ఆలేరుకు ఆర్నెల్ల ముందే, 2014 సెప్టెంబర్‌లో, సుప్రీంకోర్టు పదహారు సూత్రాలు రాసిచ్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ ఉండాలి, సీఐడీయో వేరే స్టేషన్ వాళ్లో దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేట్ విచారణ జరగాలి, వెంటనే ప్రమోషన్లూ మెడల్సూ ఇవ్వకూడదు అని. ఆలేరు మీద కూడా గోల అయ్యాక రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. దాంట్లో ఏం తేలిందో పెంబర్తి నుంచి ఆలేరు దాకా దారిలో ఎవర్నైనా ఆపి అడగండి.

కాగితాల సంగతి వచ్చింది కాబట్టి ఒక సొంత బాధ. 2003లో మా వీధిలో మోటార్ దొంగతనమైతే, ఒక స్టేషన్ వాళ్లు దారిన పోతున్న నన్ను పిలిచి పంచనామా మీద సంతకం పెట్టమన్నారు. కాగితం ఖాళీ. "రాసుకుంటం లే తమ్మీ" అన్నారు. పెట్టాను, పెట్టక ఏం చేస్తాను. దానికోసం ఏడేళ్లు కోర్టుకు తిరిగాను. చివరికి బోనులో నిలబెట్టి లాయరు "నీ కళ్లతో చూశావా?" అంటే నోరు పెగల్లేదు. కేసు కొట్టేశారు. ఒక బోరు మోటార్‌కే కాగితం అట్లా తయారైతే, ఐదుగురి ప్రాణాల కాగితం మాత్రం తూచా తప్పకుండా నిజమే రాసి ఉంటారని నన్ను నమ్మమంటారు.

పోలీసుల వైపు బాధ కూడా చెప్పాలి, లేకపోతే చిన్నాయన ఊరుకోడు. కోర్టు అనుమతి లేకుండా బేడీలు వేయొద్దని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. వేస్తే జడ్జి తిడతాడు, వేయకపోతే ఖైదీ పారిపోయిన రోజు సస్పెన్షన్. ఖైదీలు ముఖం మీద ఉమ్మేస్తారు, బూతులు తిడతారు, ఇంటి అడ్రసు తెలుసంటారు. వరంగల్ నుంచి నాంపల్లి కోర్టు నూటయాభై కిలోమీటర్లు, అప్పట్లో ప్రతి వాయిదాకీ పోయి రావాల్సి వచ్చేది. ఐదుగుర్ని వ్యాన్‌లో ఊరేగించే బదులు జైల్లోనే కెమెరా పెట్టి జడ్జికి చూపిస్తే సరిపోయేది, లేదా హైదరాబాద్ జైల్లోనే ఉంచాల్సింది. తనను హైదరాబాద్ జైలుకు మార్చమని వికారుద్దీన్ కూడా కోర్టును అడిగాడని అతని తరఫువాళ్లు అప్పట్లో చెప్పారు. అడిగింది ఇచ్చి ఉంటే అటు పదిహేడు మందికీ ఇటు ఐదుగురికీ ఆ రోడ్డు ఎక్కే పనే ఉండేది కాదు.

ఎటువైపు అని అడిగారు కదా, జానకీపురంలో పోలీసుల వైపు, ఆలేరులో కాదు. ఇలా చెబితే రెండు వైపులవాళ్లూ తిడుతున్నారు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులోంచి నన్ను రెండుసార్లు తీసేశారు.

పోయిన కార్తీకంలో చిన్నాయన్ని, చిన్నమ్మని కారులో యాదగిరిగుట్టకు తీసుకెళ్లాను. ఆయనకు ఇప్పుడు షుగర్, గంటకోసారి ఆపాలి. పెంబర్తి దాటాక "బండి పక్కకు ఆపు బిడ్డా" అన్నాడు. ఇండికేటర్ వేసి స్లో చేశాను. అద్దంలోంచి బయటికి ఒకసారి చూసి, "ఈడ వద్దులే, ముందుకు పోనియ్" అన్నాడు. ఆలేరు బస్టాండ్ దాకా ఓర్చుకున్నాడు.